నాకు దక్కని నాక్టర్న్

మా పియానో సార్ పోయారని సోమవారం పొద్దున కబురొచ్చింది. నాకు కాదు, మా అమ్మాయి ఫోనుకు. ఐదేళ్లు ఇద్దరం ఆయన దగ్గరే నేర్చుకున్నాం. అయినా కబురు దానికే. దుఃఖం కంటే ముందు నాకు కుళ్లు పుట్టింది. మీతో చెప్పుకోవడానికి సిగ్గే. కానీ అది దాచేస్తే ఆయన్ను సరిగ్గా తలుచుకున్నట్టు కాదు.

నల్లగండ్ల నుంచి దాన్ని దింపడానికి వెళ్లి, గోడవార కూర్చుని వింటూ వింటూ, నలభై రెండేళ్ల వయసులో నేనూ చేరాను. లింగంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు సార్‌ది. చేతులు కడుక్కురమ్మనేవారు, తువ్వాలు ఆయనే అందించేవారు. రైలు వెళ్తుంటే పాఠం ఆపి, ఆ చప్పుడు పోయేదాకా కళ్లు మూసుకునేవారు.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పియానో ముందూ అదే బుద్ధి. అందుకేనేమో నాకెప్పుడూ ఎట్యూడ్‌లే, వేళ్లకు కసరత్తు. మా అమ్మాయికి మాత్రం నాక్టర్న్, రాత్రివేళ దిగులులా మెల్లగా సాగే రచన. "జర ఆగు బిడ్డా. ఈడ టైం తీస్కో, ముందటికి పోయి తిరిగిచ్చెయ్. గిదే రుబాటో" అనేవారు దానితో. నాతో "లెక్క మంచిగుంది మేడమ్" అనేవారు. అంతే.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. "నాకెప్పుడిస్తారు సార్ నాక్టర్న్?"

"తప్పు చేస్తనని మీకు భయం. అది పోనీయుర్రి, ఇస్త" అన్నారు.

పై వారం అటోనల్ రచన ఒకటి ముందు పెట్టారు. ఏ స్వరానికీ పెద్దరికం లేని ఆధునిక సంగీతం. "ఇండ్ల ఏది తప్పో మీక్కూడ తెల్వది. ఫికర్ లేకుంట వాయించుర్రి" అని నవ్వారు. నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను. పట్టుదలకు పోయి వారమంతా సాధన చేసి, ఒక్క స్వరం తప్పకుండా అప్పజెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. అది నా కోసం వెతికి తెచ్చిన పాఠమని ఇప్పుడు తెలుస్తోంది.

కబురొచ్చిన సోమవారం సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాం. సార్ భార్య మా అమ్మాయిని దగ్గరకు తీసుకుంది. "నీ ముచ్చటే చెప్తుండె బిడ్డా" అంది.

ఆగలేకపోయాను. "నా గురించి ఏమైనా అనేవారా అండీ?" అని అడిగాను.

ఆమె మా అమ్మాయి తల మీంచి నా వైపు చూసింది. "మీరు ఒక్క క్లాసు గూడ ఎగ్గొట్టలేదని అంటుండె మేడమ్."

మా అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఆమె తన చెంగుతో దాని కళ్లు తుడిచింది. పక్కనే నిలబడి, నావి నేనే తుడుచుకున్నాను.