వెనక ఇరుసులో నీళ్లు

మా అక్కా బావా ఉండేది బాపట్లలో. రామాపురం సముద్రపొడ్డుకి పడవలు చేరగానే చేపల పెట్టెలు ఎత్తుకుని తెనాలి తోలే పాత వ్యాన్ ఉంది బావకి. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి ఇసకలో కూరుకుపోదు. దాని ఆయిళ్లు మార్చడం నా వంతు. నేను మెకానిక్‌ని కాను, తెనాలి స్కూల్లో లెక్కలు చెప్తాను. ఎందులో ఎంత పడుతుందో పుస్తకంలో చూసి, కొలిచి పోసి, అలా అలవాటు చేసుకున్నాను.

ఆ ఆదివారం వెనక ఇరుసు మూలుగుతోందంటే తెనాలి నుంచి వెళ్లాను. ఒడ్డునున్న షెడ్డులో హమాలీలు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లకి ఎడంగా పాత డ్రైవర్ నిలబడి ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, బాబాయ్ అంటాను. బండిని లోతు నీళ్లలోకి దింపి ఇరుసు పాడుచేశాడని బావ అతన్ని అంతకు ముందు వారమే మాన్పించాడు. పని సంగతి మాట్లాడదాం రమ్మని కబురు పెడితే పాపం రేపల్లె నుంచి బస్సెక్కి వచ్చాడు.

"ఏరా లెక్కల మేష్టారూ, విప్పు. వీడి ఘనకార్యం వీడి కళ్లతో చూడాలి" అన్నాడు బావ.

వెనక ఇరుసుకి పైనున్న బోల్టు ముందుగా వదులు చేశాను. ఉన్న ఆయిల్ వదిలేశాక అది బిగుసుకుని రాకపోతే కొత్తది పోయడానికి దారుండదు. తర్వాత కింది బోల్టు తీశాను. ముందు ఉప్పునీళ్లు కారాయి, వాటి వెనకే పాలెక్కువైన టీ రంగులో ఆయిల్ దిగింది.

హమాలీలు గొల్లుమన్నారు. బావ దాన్ని టీ గ్లాసుతో పట్టి డ్రైవర్ చేతిలో పెట్టాడు.

"నువ్వు కాచిన టీయేగా. తాగు."

"చక్రం సగం దాటి ఏనాడూ దింపలేదండి."

"తాగరా, చల్లారిపోద్ది!"

అతను గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు.

నాకు లెక్క కుదరలేదు. పడవ దగ్గరికి వ్యాన్ వెనక్కే వెళ్తుంది, వెనక చక్రాలే ముందు మునుగుతాయి, నిజమే. కానీ అంత లోతుకి దింపితే గేర్‌బాక్సులోకీ ముందు ఇరుసులోకీ కూడా నీళ్లు రావాలి. అవీ చూశాను. ఆయిల్ నల్లబడింది గానీ చుక్క నీరు లేదు. మళ్లీ వెనక్కి వెళ్లి, ఇరుసు మీంచి పైకి పోయే గాలి గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్లాను. దాని మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన పడవల చిల్లులకి పూసే లప్పం దట్టించి ఉంది.

"ఇదెవరు కట్టారు?"

"ఓనరు గారేనండి" అన్నాడు ఒక హమాలీ నవ్వుతూనే. "ఉప్పునీళ్లు పోకుండా."

పడవకైతే అది సరిపోతుంది. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లు తగలగానే లోపలికి గాలి పీల్చుకోవాలి. గొట్టం మూస్తే చక్రాల దగ్గరి రబ్బరు సీళ్ల గుండా నీళ్లే పీల్చుకుంటుంది. అందరికీ వినబడేలా అదే చెప్పాను.

షెడ్డులో నవ్వు ఆగలేదు, కాకపోతే బావ వైపు తిరిగింది. ఎవరో "టీ అటివ్వండెహె" అన్నారు.

బావ మొహం గంటుపెట్టుకున్నాడు. డ్రైవర్‌తో నింపాదిగా అన్నాడు:

"తప్పు నీదైతే నాలుగు తిట్టి రేపట్నించి బండెక్కించేవాణ్ణి. అందుకే పిలిపించా. ఇప్పుడు నిన్నెక్కిస్తే నువ్వు స్టీరింగు పట్టుకున్నప్పుడల్లా వీళ్లు నన్ను చూసి నవ్వుతారు. ఇంక వెళ్లు."

"బావా, అతని తప్పేం లేదని తేలిందిగా!"

"తేల్చింది నువ్వేగా. వీణ్ణి నీ ఇంట్లో పెట్టుకో."

డ్రైవర్ వంగి గ్లాసు నా స్పానర్ల పక్కన పెట్టాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"ఆ గొట్టం జోలికి ఎందుకెళ్లావు బాబూ? ఇంకాసేపు తిట్టి ఊరుకునేవాడు."

చేతులు ప్యాంటుకి తుడుచుకుని బస్టాండు వైపు నడిచాడు.

"ఏరా, ఆయిల్ పొయ్యవా?" అన్నాడు బావ.

కింది బోల్టు బిగించి, పై రంధ్రంలోంచి కొత్త ఆయిల్ పోశాను. రంధ్రం అంచు దాటి సన్నగా కారితే కొలత సరిపోయినట్టు. కారింది. గొట్టానికున్న ట్యూబు ముక్క, లప్పం గీకి తీసేసి పై బోల్టు కూడా బిగించాను. గ్లాసులోది ఇసకలో పారబోశాను.