మా ఊళ్లకి నెట్ తెచ్చిన రవణ బావ

నిన్న పొద్దున్న ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. పార్వతి అక్క నంబర్ నుంచి ఫోన్. కట్ చేశాను.

మళ్లీ వచ్చింది. ఎత్తితే అక్క కాదు, పక్కింటావిడ.

"మీ బావ పోనాడమ్మా. నిద్దట్లోనే."

హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టేశాను. అవతల మా టీమ్ వాళ్లు నా పేరు పిలుస్తూనే ఉన్నారు.

రవణ బావ మా మేనత్త కొడుకు. పార్వతి అక్క భర్త. పలాసలో ఒక బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసులో టెక్నీషియన్. మందస నుంచి సముద్రం ఒడ్డు దాకా, కొబ్బరి తోటల మధ్య ఊళ్లకి ఫైబర్ లైను లాగిన మనిషి.

నలభై నాలుగేళ్లు. కిడ్నీలు పోయాయి.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఇంకేమీ అడగరు.

నాలుగేళ్ల కిందట నాకు ఇంటి నుంచి చేసే ఉద్యోగం వచ్చింది. డిగ్రీ చదివి కూడా ఆరేళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరుకుంటూ కూర్చున్న నాకు అది చిన్న విషయం కాదు. సోమవారానికల్లా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, లేదంటే ఇంకొకరిని తీసుకుంటామన్నారు.

కంగారులో ఎనిమిది యాంటెన్నాల రౌటర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించేశాను. బావ వచ్చి ఆ డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాంటెన్నాలు లెక్కెట్టి కొన్నావేటే గుంటా? కొమ్ములు పెద్దవైతే గేది పాలెక్కువిత్తాదేటి?"

సీల్ కూడా తీయనివ్వలేదు. రిటర్న్ పెట్టించాడు.

ఆ తర్వాత అడిగినవేవీ రౌటర్ గురించి కాదు. నువ్వెక్కడ కూర్చుని పని చేస్తావు, ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఏది రాతి గోడ, మీ నాన్న ఏ గదిలో టీవీ చూస్తాడు. ఇల్లంతా తిరిగి, రెండు బ్యాండ్ల మామూలు రౌటర్ చాలన్నాడు. నేను టీవీ వెనక కనపడకుండా పెడదామంటే ఒప్పుకోలేదు. హాల్లో, అన్ని గదులకీ మధ్యగా, మనిషి ఎత్తుకి పైన మేకు కొట్టాడు.

నా కంప్యూటర్‌కి మాత్రం కేబుల్ వేశాడు.

"వైఫై గాలి లాంటిది. ఓపాలి వత్తాది, ఓపాలి రాదు. నీ కూడు దీని మీదున్నాది. వైరేసుకో."

సెట్టింగ్స్ దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి "నువ్వే కొట్టు" అన్నాడు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, అన్నీ నాతోనే. రెండుసార్లు తప్పు కొట్టాను. విసుక్కోలేదు.

"నాను సేసేత్తే ఈ ఒక్కపాలే అవుతాది. నువ్వు నేర్సుకుంటే ఎప్పుడైనా అవుతాది."

ఆ రోజు బావ చొక్కా జేబులో రక్తపరీక్ష రిపోర్టు ఉందట. అది తీసుకుని తిన్నగా మా ఇంటికే వచ్చాడట. ఏడాది తర్వాత అక్క చెప్పింది.

రెండేళ్లుగా వారానికి మూడు రోజులు డయాలసిస్. మిగతా రోజులు పని.

ఒకసారి అక్కకి జ్వరమొస్తే తోడుగా ఆసుపత్రికి నేను వెళ్లాను. డయాలసిస్ చేసే హాల్లో ఫోన్ సిగ్నల్ అందదు. నాలుగేసి గంటలు అందరూ పైకప్పు చూస్తూ పడుకుంటారు. బావ పక్క మంచం మీద ఒక తాత. ఎవరితోనూ మాట్లాడడు.

బావ అక్కడి డాక్టర్‌ని అడిగి ఆ హాల్లో నెట్ పెట్టడానికి పర్మిషన్ తెచ్చుకున్నాడు. మిషన్లకి ఇబ్బంది లేకుండా ఎక్కడ పెట్టాలో వాళ్లనే అడిగాడు. తర్వాతి వారం తను చేతికి సూదులతో పడుకుని చెబుతుంటే, నేను స్టూలెక్కి రౌటర్ గోడకి బిగించాను.

"మీ ఇంట్లోలాటిది ఇక్కడ సాలదే. ఒక్కపాలే ఇరవై ఫోన్లు పట్టుకుంటాయి" అని కాస్త పెద్దది ముందే తెప్పించి ఉంచాడు.

నెట్ రాగానే ముందు ఆ తాత ఇంటికి వీడియో కాల్ కలపమన్నాడు. తాత వాళ్లావిడని చూసి అన్న మొదటి మాట, "జీడి సెట్టు పూసిందేటి? సూపెట్టు."

"నా ముకం అక్కర్నేదేటి నీకు?" అంటూనే ఆవిడ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచింది.

హాలంతా నవ్వింది. బావ మాత్రం గోడ వైపు తల తిప్పేసుకున్నాడు.

పోయిన నెల మా ఇంటికి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. పాదాలు వాచి పట్టడం లేదు. ఏంటి బావా అంటే "ఎండే" అన్నాడు.

నమ్మాను. నమ్మితే నాకు సులువు కాబట్టి నమ్మాను.

నిన్న మధ్యాహ్నం అక్కవాళ్లింట్లో, బావని ఇంకా తీసుకెళ్లకముందు, ఆయన ఫోన్ మోగింది. అక్క దాని వైపు చూసి నాకిచ్చింది.

ఎవరో అమ్మాయి. "అన్నా, నెట్ రాట్నేదు. పది నిమిసాల్లో డాక్టరు వీడియోలో అమ్మని సూత్తానన్నారు."

చెప్పలేకపోయాను. ఏ లైటు ఎర్రగా ఉందని అడిగాను. పెట్టె వెనక సన్న వైరు వదులైందేమో చూసి గట్టిగా నొక్కమన్నాను.

"వచ్చింది" అంది. తర్వాత, "అన్నేడీ? మీరెవులు?"

అప్పుడు చెప్పాను. ఇల్లెక్కడో చెప్పమంది.

సాయంత్రం ఆ అమ్మాయి వాళ్లమ్మని ఆటోలో తీసుకుని వచ్చింది. ఆ తల్లి బావ కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఎన్నిపాల్లొచ్చినా మాయింట మెతుకు ముట్టనేదు. ఉప్పు పడదమ్మా అనీవోడు. ఉప్పు నేకుండా వండుతానని నానైనా అన్నేకపోయాను."

పార్వతి అక్క అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చింది.

సెలవు బావా. నువ్వెళ్లిన చోట నీ ఒంటికి, మనసుకి నిమ్మళం దొరకాలి.