సేవ్యా మెడలో రెండు వైర్లు

ఆ రోజుల్లో బాన్సువాడలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు ముగ్గురుండేవాళ్లు. ఇద్దరు చెయ్యి పెడితే బాగున్న యంత్రం కూడా చెడిపోయేది. మూడోవాడు సేవ్యా, నస్రుల్లాబాద్ అవతల తండావాడు. వాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని బస్టాండు ముందు నడిస్తే, దుకాణాల్లో చెడిపోయిన టీవీలు భయపడి వాటంతటవే బొమ్మ చూపించేవని మనవలకు చెప్పేవాణ్ణి. అందులో కొంత అబద్ధముంది. వాడి దగ్గర స్క్రూడ్రైవర్లు రెండుండేవి.

వాడికో అలవాటుంది. ఏ పెట్టె విప్పినా ముందు కరెంటు వైరు ఊడదీసి మెడలో వేసుకునేవాడు. పని అయ్యేదాకా తీసేవాడు కాదు.

"ఏందిరా సేవ్యా, దవాఖానల పనికి కుదిరినవా?" అని జనం నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు గానీ కారణం చెప్పేవాడు కాదు. నాకు తెలుసు. మా పొలం వాళ్ల తండాను ఆనుకునే ఉంటుంది.

1996 యాసంగిలో వరి పొట్టకొచ్చిన వేళ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫీజు ఎగిరిపోయింది. లైన్‌మన్ వచ్చేసరికి మళ్లు నెర్రెలిచ్చేట్టున్నాయి. సేవ్యా తండ్రి మంగ్యా స్తంభం దగ్గరి హ్యాండిల్ దించి కరెంటు బంద్ చేశాడు. పద్నాలుగేళ్ల కొడుకును అక్కడ నిలబెట్టి, "నేను దిగేదాక ఈడికెల్లి కదలకు" అని పైకెక్కాడు. కొడుకు కదిలాడు. ఎంతోసేపు కాదు. ఆ కాస్తలోనే పై మడి రైతొకడు వచ్చి, హ్యాండిల్‌ను ఎవరో మరిచిపోయారనుకుని పైకెత్తాడు. మంగ్యా ప్రాణంతో కిందికి దిగలేదు. ఎందుకు కదిలావని అడిగితే పిల్లవాడు నోరు విప్పలేదు. ఆ తరువాత అడగడం మానేశారు.

ఇగ 2007 సంగతి. బాన్సువాడలో మా మేడ మీది గదిలో సాయన్న ఫోటో స్టూడియో కిరాయికి ఉండేది. వాడు హైదరాబాదులో ఏదో ఆఫీసు వదిలించుకున్న సర్వర్‌ను తెచ్చి, ఇనుప చట్రంలో బిగించి, వాళ్ల నాయన తీసిన పాత ఫోటోలన్నీ అందులోకి ఎక్కించాడు. దాని ఫ్యాన్ల హోరుకు మా వీధి కుక్కలు మొరగడం మానేశాయి. మొరిగినా ఎవరికి వినపడుతుంది?

ఒకనాడు ఆ ఫోటోల్లో తండా పెళ్లిదొకటి సేవ్యా కంటబడింది. అందులో మంగ్యా ఉన్నాడు. వాళ్లింట్లో మంగ్యా ఫోటో ఒక్కటీ లేదు. సేవ్యా తల్లి జమునాబాయికి అప్పటికే నీటికాసులు ముదిరి చూపు తగ్గిపోతోంది. ఉన్న చూపు కూడా నిలవదని డాక్టరు చెప్పేశాడు. ప్రింటరుకు రంగుల సిరా రాగానే ఫోటో అచ్చు తీసి ఆమెకు చూపించాలనుకున్నాడు సేవ్యా. సిరా వచ్చే లోపే సర్వర్‌లో డిస్కులను నడిపించే కార్డు కాలిపోయింది. నెగటివులా, అవి ఏ వానాకాలంలోనో నాని ముద్దయ్యాయి.

అదే రకం కార్డు కోసం వాడు హైదరాబాదుకు నాలుగుసార్లు తిరిగాడు. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో జమునాబాయి మెట్లు తడుముకుంటూ ఎక్కే స్థితికొచ్చింది.

కార్డు దొరికిన మరునాటి పొద్దున తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. స్విచ్చుబోర్డు పక్కన స్టూలు వేసి, ఆమె చెయ్యి బోర్డు మీద పెట్టాడు.

"యాడీ, ఈడనే కూసో. ఎవ్వర్నీ ముట్టనియ్యకు."

తల్లిని వాళ్లు యాడీ అంటారు. ఆమె తలూపింది.

కార్డుతో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదవడం నా పని. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. ఆ సర్వర్‌కు కరెంటు వైర్లు రెండు. ఒకటి పీకినా రెండోదానితో బతికే ఉంటుంది. సేవ్యా రెండూ పీకి మెడలో వేసుకున్నాడు. లోపలి పచ్చదీపం ఆరేదాకా ఆగాడు. చట్రంలోంచి పెట్టెను ముందుకు లాగి, మూత తీసి, ఒంట్లో ఉండే చిన్న కరెంటు కార్డును కొట్టకుండా వట్టి ఇనుమును ముట్టుకున్నాడు. కాలిన కార్డును ఊడదీసి పక్కన పెట్టాడు.

గదిలో ఉక్కపోస్తోంది. సాయన్న ఫ్యాన్ వేద్దామని బోర్డు వైపు చెయ్యి చాపాడు. జమునాబాయి ఆ చేతిమీద ఒక్కటేసింది.

"అమ్మో! అవ్వా, గది ఫ్యాన్ బటన్!"

"ఏదైతేంది. నా కొడుకు పెట్టెల చెయ్యి పెట్టిండు."

"వైర్లు రెండూ వాని మెడలనే ఉన్నయ్ గదనే! జర్రంత గాలి..."

"జర్రంతనే అనుకున్న ఆ దినం గూడ," అంది జమునాబాయి. గొంతు పెంచలేదు. "రొట్టె సల్లారుతుందని నేనే పిల్చిన వీన్ని. రానన్నడు. బాపు కదలొద్దన్నడు అన్నడు. మల్ల పిల్చిన, తిట్టిన. అప్పుడొచ్చిండు."

పెట్టెలో సేవ్యా చేతులు ఆగిపోయాయి.

"యాడీ, ఇప్పుడెందుకవన్ని?"

"పదకొండేండ్ల సంది నువ్వొక్కనివే మోస్తున్నవ్. నా పేరు ఎవ్వలకు చెప్పకపోతివి."

నేను చదువుతున్న వరుస తప్పిపోయింది. సేవ్యా, "చదువు తాతా, తర్వాతేంది?" అన్నాడు.

కార్డును రెండు చివరలా సమానంగా నొక్కమని చదివాను. నొక్కాడు. టక్కుమని కూర్చుంది. స్క్రూ బిగించి, డిస్కుల కేబుల్ తగిలించి, మూత వేశాడు. అప్పుడు మెడలోంచి వైర్లు తీసి గుచ్చి, తల్లితో, "యాడీ, ఇగ వెయ్యి" అన్నాడు.

ఆమె తడిమి స్విచ్చు నొక్కింది. సర్వర్ హోరుమంది. పాత డిస్కులు కనిపించాయి, ఉన్నవి ఉన్నట్టు తీసుకోవాలా లేక చెరిపేయాలా అని తెర మీద అడిగింది. అది నేను మూడుసార్లు చదివి చెప్పాను. సేవ్యా వేలు సరైన మీట మీద పడింది. ఫోటోలన్నీ ఉన్నాయి.

"యాడీ, రా! బాపును చూద్దువు!"

ఆమె స్టూలు మీంచి లేవలేదు. "నేను లేస్తే ఎవలన్న బంద్ జేస్తరు. ఈడికే తే."

అచ్చు తీసిన కాగితం తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఆమె ఒక చెయ్యి బోర్డు మీదే ఉంచి, రెండో చేత్తో కాగితాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి, ఒళ్లో పెట్టుకుని, ఒక మనిషి మీద వేలు ఆన్చింది.

"ఇగో, మీ బాపు. తలపాగ ఎప్పుడూ గిట్లనే వంకర."

ఆ తలపాగా మనిషి పెళ్లికొడుకు మేనమామ భీమ్లా. మొన్న సంతలో నా దగ్గర బీడీ అడుక్కున్నాడు. మంగ్యా అతనికి ఇద్దరవతల, వట్టి తలతో, ఎవరినో చూసి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. సాయన్న నోరు తెరవబోతే వాడి కాలు తొక్కాను.

సేవ్యా తల్లి వేలి వంక చూశాడు. ఆ వేలికి రెండంగుళాల దూరంలో ఉన్న నవ్వు వంక చూశాడు.

"ఔ యాడీ," అన్నాడు. "బాపే."

ఆమె ఆ తలపాగాను బొటనవేలితో చాలాసేపు నిమిరింది.

"పని అయిపోయిందా బేటా? ఇగ లేవొచ్చునా?"

"లేవొచ్చు యాడీ."

అప్పుడు గానీ ఆమె స్విచ్చుబోర్డు మీంచి చెయ్యి తీయలేదు.