పసుపు రంగు కాఫీ

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే బస్సు ఇచ్చోడ దాటాక, పక్క సీటాయన ఫ్లాస్కు తీసి, చిన్న పింగాణీ కప్పులో పోసి నాకిచ్చాడు. పాలు లేవు, చక్కెర లేదు, చూస్తే పసుపు రంగు.

“కాఫీ సార్. దుబాయ్‌ల కొని తెచ్చిన. అన్నీ యెమెన్ల ఒక్క కొండ మీది గింజలే, ఏరేవి కలుపలే. ఇంట్ల పెనం మీద జర ఏంచి, దంచి, నేనే కాసిన” అన్నాడు.

బస్సుల్లో మత్తుమందు ఇచ్చి దోచుకుంటున్నారని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. కాఫీ ఎక్కడైనా పసుపుగా ఉంటుందా? పైగా తాను తాగడం లేదు. ఆయన అటు తిరగగానే కిటికీలోంచి పారబోసి, ఖాళీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ నింపాడు. మళ్లీ పారబోశాను. ఆయన పోస్తూనే ఉన్నాడు. నా అనుమానం గట్టిపడింది.

నిర్మల్‌లో దిగబోతూ ఖాళీ ఫ్లాస్కు మూసి, నా చేతిలోని కప్పు తీసుకున్నాడు.

“చాలనుకుంటె కప్పు జర ఊపాలె సార్. గది అక్కడి రివాజు. ఊపేదాంక పోస్తనే ఉండాలె. మా ఇంట్ల ఎవ్వలు ముట్టలే. మీరొక్కలే ఇష్టంగ తాగిండ్రు.”

దిగి, పోయొస్తానని చెప్పడానికేమో, నా కిటికీ కిందికి వచ్చాడు. బస్సు రేకు మీది దుమ్ములో పసుపు చారలు చూశాడు. చేతిలోని కప్పును నావైపు ఎత్తి, మెల్లగా ఊపాడు.