ఆడవాళ్లు కూర్చుని తినే హోటలు

మా అత్త పోయిందని పోయిన వారం బంగారుపాళ్యం నుంచి మా తమ్ముడు మొదటి బస్సుకే వచ్చి చెప్పాడు. గుమ్మంలో నిలబడి "అక్కా, అత్త లేదు" అన్నాడు, అంతే. స్టవ్వు ఆపేసి, పిల్లలను పక్కింట్లో అప్పజెప్పి, వాడి వెంట తిరుపతి బస్టాండుకు నడిచాను. దారి పొడుగునా హోటళ్లే. ఒక్కొక్క హోటలు దాటుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మేనత్త పోతే హోటళ్లను చూసి ఏడవడం ఏమిటని మీకు తోచవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త అంటే మా నాయన చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చేసింది. మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోయేది, తక్కిన రోజుల్లో ఇంట్లో కుట్టుమిషను తొక్కేది. మనిషి సన్నం, పట్టుదల మాత్రం ఇంతా అంతా కాదు. ఒకటి అనుకున్నదంటే అది జరిగేదాకా మమ్మల్నెవరినీ స్థిమితంగా ఉండనిచ్చేది కాదు.

ఊళ్లో ఎవరు చిత్తూరు ఆసుపత్రికి పోవాలన్నా, తిరుచానూరు అమ్మవారి దర్శనానికి పిల్లాజెల్లాతో బయలుదేరినా, ముందు మా ఇంటికి వచ్చేవాళ్లు. "అమ్మే, ఆడోళ్లమే పోతాండాం, యాడ తినాల?" అని అడిగేవాళ్లు. అత్త మిషను ఆపి, కాలు కింద పెట్టి, జడ్జి తీర్పు చెప్పినట్టు చెప్పేది. "కోర్టు ఎనక సందులోకి పోండి. ఆడ ఎడమ పక్క ఉండాది. చంటిబిడ్డ ఉంటే గోడ పక్క బల్ల అడగండి, ఫ్యాను గాలి తిన్నగా తగలదు."

ఇప్పటి పిల్లలకు ఇందులో గొప్పేమిటో తెలియదు. మా చిన్నతనంలో మా ఇళ్లలో ఆడవాళ్లు హోటల్లో కూర్చుని తినేవాళ్లు కాదు. పొరుగూరికి పోతే ఇంటినుంచి క్యారియరు కట్టుకుపోవాల్సిందే. మగవాళ్లు హోటలుకు పోయి తిని, నోట్లో వక్కపొడి వేసుకుని తిరిగి వచ్చేదాకా, మేము బస్టాండులో మూటల పక్కన కూర్చుని క్యారియరులోని పెరుగన్నంతోనే సర్దుకునేవాళ్లం. ఎవరో పెట్టిన నియమం కాదు. అలా జరిగిపోతూ ఉండేది.

మా అవ్వకు, అంటే అత్తను కన్నతల్లికి, చక్కెర జబ్బు వచ్చింది. నెలకోసారి చిత్తూరు తీసుకుపోయేవాళ్లం. ఎట్టి పరిస్థితిలోనూ పస్తు ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒక ఎండాకాలం క్యారియరులో అన్నం పులిసిపోయింది. నాయన హోటలునుంచి ఇడ్లీ పొట్లం తెచ్చిస్తే, అవ్వ అదంతా నాకూ తమ్ముడికీ పెట్టేసి, "నాకు ఆకలి లేదు" అంది. కాసేపటికి బస్సు ఎక్కబోతూ మెట్టు దగ్గరే కుప్పకూలిపోయింది. అత్త ఆమె తలను ఒళ్లో పెట్టుకుని మొగాన నీళ్లు చల్లింది. ఎవరో సోడా తెచ్చిచ్చారు. అవ్వ కళ్లు తెరిచాక అత్త మా నాయన వైపు తిరిగింది.

"అన్నా, వచ్చే నెల అమ్మ హోటల్లో కూర్చోని తింటాది."

"ఏందే నువ్వు? ఊర్లో ఏమనుకుంటారు?"

"అనుకోనీ. అమ్మ పడిపోయినప్పుడు ఊరొచ్చి పట్టుకున్నిందా?"

నాయన మూటలు అందుకుని బస్సెక్కాడు.

అనుకున్నంత సులువేమీ కాలేదు. మరుసటి వారమే అత్త నన్ను వెంటబెట్టుకుని హోటలు వెతకడానికి చిత్తూరుకు బయలుదేరింది. మొదటి హోటల్లో మమ్మల్ని చూడగానే సర్వరు "ఫ్యామిలీ రూము ఆ పక్క" అని వేలు చూపించాడు. తెర తొలగించి చూస్తే లోపల ఉల్లిగడ్డల బస్తాలు, ఒక విరిగిన కుర్చీ, చీకటి. ఫ్యాను లేదు. అత్త తెర వదిలేసి హాలులోకి వచ్చింది. "మేమేం దొంగతనం చేసినామా, తెర ఎనక దాంకోను?" అని గల్లా దగ్గరి ఆయన్ని నేరుగా అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మేము బయటికి వచ్చేశాం.

ఇంకో హోటల్లో కూర్చోనిచ్చారు గానీ, అందరూ ముద్ద మధ్యలో ఆపి మమ్మల్నే చూశారు. "ఈడ అమ్మ గొంతు దిగదు" అని అత్త లేచింది. వేరొక చోట చేతులు కడిగే తావు చూసి గడపలోనే వెనక్కి తిరిగింది. "వంటింట్లోకి మనల్ని రానియ్యరు గదా, చేతులు కడిగే తావు చూస్తే చాలు, లోపల ఎట్ల ఉండాదో తెలిసిపోతాది" అనేది.

ఇక నా పని. బల్ల ముందు కూర్చోగానే అత్త నా మోకాలు గిల్లేది. నేను పొరపాటున తగిలినట్టు నీళ్లగ్లాసు దొర్లించాలి. నీళ్లు బల్లంతా పారేవి. అత్త మాత్రం సర్వరు మొగమే చూసేది. వాడు కసురుకుంటే అక్కడితో ఆ హోటలు పని అయిపోయినట్టే. "పిల్లోళ్లు నీళ్లు ఒలకబోస్తే మొగం ముడుచుకునేవాడు, ముసిలోళ్లు అన్నం ఒలకబోస్తే ఊరుకుంటాడా?" ఇదీ ఆమె లెక్క. అవ్వకు చేతులు వణికేవి. చిత్తూరులో ఎన్ని బల్లలు తడిపానో, ఎన్ని తిట్లు తిన్నానో నాకే తెలుసు. ఒకసారి నిజంగానే ఏడ్చేశాను. అత్త కొంగుతో నా మొగం తుడిచి, "ఇంకొకటి సూద్దాం పా" అంది. అంతేగానీ ఇంటికి పోదామని మాత్రం అనలేదు.

కోర్టు వెనక సందులో దొరికింది చివరికి. వాయిదాలకు పల్లెలనుంచి వచ్చేవాళ్లు ఇంటిల్లిపాదీ ముసలీ ముతకాతో సహా అక్కడే తినేవాళ్లు. నేను గ్లాసు దొర్లించాను. తమిళ యాసలో మాట్లాడే ఒక పెద్దాయన గుడ్డ తెచ్చి తుడిచి, "పోనీలే పాపా" అని ఇంకో గ్లాసు నిండా నీళ్లు పోశాడు. అత్త అతణ్ని చూసి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తరువాతి నెల అవ్వను తీసుకుపోయాం. నాయన కూడా వచ్చాడు, దారి పొడుగునా గొణుక్కుంటూ. అవ్వను హాలు మధ్యలో ఫ్యాను కింద కూర్చోబెట్టింది అత్త. ఆకులు వేశారు. పెద్దాయన అన్నం గిన్నెతో వచ్చి అవ్వకు వడ్డించాడు, నాకూ అత్తకూ వడ్డించాడు. అవ్వ ఆకులో చెయ్యి పెట్టలేదు. పక్క బల్లల వైపు చూసింది. అక్కడ మగవాళ్లు ఖాళీ ఆకుల ముందు కాచుకుని ఉన్నారు. అవ్వ లేచింది. పెద్దాయన చేతిలోని గిన్నె, గరిటె అందుకుని, "నువ్వు ఆ పక్క సూడు నాయనా, ఈ పక్క నేను సూసుకుంటా" అని ముక్కూ మొగం తెలియని మగవాళ్లకు అన్నం వడ్డించడం మొదలుపెట్టింది.

హాలంతా నవ్వింది. నాయన తల వంచుకున్నాడు. నేనూ నవ్వాను. అత్త ఒక్కతే నవ్వలేదు. లేచిపోయి గిన్నె పెద్దాయనకు ఇచ్చేసి, అవ్వ చెయ్యి పట్టుకుంది.

"మగోళ్లు ఇంకా తినలేదు గదమ్మే" అంది అవ్వ, తప్పు చేసినదానిలా.

"వాళ్లకి పెట్టేదానికి మనిషి ఉండాడు మా. నీకూ ఆయనే పెడతాడు. నువ్వు కూర్చో."

"నువ్వు కూర్చోమ్మా, నా పని నాకు ఇడిసిపెట్టు" అన్నాడు పెద్దాయన కూడా. అవ్వ కూర్చుంది. ఆయన పప్పు పోసి, నెయ్యి వేసి, అక్కడే నిలబడ్డాడు. అవ్వ అన్నంలో వేళ్లు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"కాలతా ఉండాదే" అంది. "ఇంత వేడిది ఎట్ల తినేది?"

పుట్టిన ఊళ్లో, మెట్టిన ఊళ్లో, పొయ్యి ముందు జీవితమంతా గడిపిన మనిషి అడిగిన మాట అది. అందరూ తిన్నాక, చల్లారినదే తిన్నది ఎప్పుడూ. అప్పుడు నాకు అర్థం కాలేదు. అత్తకు అర్థమైంది.

"ఊదుకోని తిను మా. నిదానంగా తిను. నిన్ను ఎవరూ పిలవరు."

అవ్వ తిన్నది. ఆ తరువాత ఎన్నో ఏళ్లు, పోయేదాకా, ప్రతి నెలా ఆ హోటల్లోనే తిన్నది. మళ్లీ ఎప్పుడూ బస్టాండులో పడిపోలేదు. మొన్న చావింటికి వచ్చిన ఆడవాళ్లలో ఎంతమందో, తాము మొదటిసారి హోటలు గడప తొక్కింది అత్త మాటమీదేనని చెప్పుకున్నారు. నేను తిరుపతిలో నా పిల్లలతో ఏ హోటల్లో కూర్చున్నా జంకు లేకుండా కూర్చుంటున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. బతికుండగా ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

ఆమెను తలచుకుంటే నాకు ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది. అవ్వ ఒక్కొక్క ముద్దా చిన్నపిల్లలా ఊదుకుంటూ తింటోంది. ఎదురుగా అత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆమెనే చూస్తోంది. అత్త ఆకులో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది, చల్లారిపోతూ.