పంచె కట్టుకొని గోల్ఫు

ఆ రోజుల్లో గుమాస్తా బాగుపడాలంటే ఆఫీసరు ముందు నడుం వంచితే చాలనుకునేవాళ్ళం. నడుం తిప్పమన్న ఆఫీసరు నాకొక్కడికే దొరికాడు. ఉదయగిరిలో నాది కొత్త ఉద్యోగం. పెళ్ళయింది గాని, భార్య ఆత్మకూరులో పుట్టింట్లోనే ఉంది. "అల్లుడు ఆత్మకూరికి బదిలీ చేయించుకుంటేనే పిల్లను పంపించేది" అని మామగారి పట్టు. (ఉదయగిరి ఎండకు పిల్ల కరిగిపోతుందని ఆయన భయం.) బదిలీ మా ఆఫీసరు చేతిలో ఉంది. ఆయన చేతిలోనేమో ఎప్పుడూ గోల్ఫు కర్ర ఉండేది. మద్రాసులో మరిగిన ఆట. ఇక్కడ కొండ కింద బీడు నేలలో ఆడడానికి జోడీ లేక అల్లాడిపోతున్నాడు. "ఆ రేగుచెట్టు దాటేట్టు బంతి కొట్టు. నీ బదిలీ సంగతి నేను చూస్తాను" అన్నాడు నాతో.

నేను కొడితే బంతి నా పాదాల దగ్గరే దొర్లేది. "చేతులతో కాదయ్యా, నడుం తిప్పు! ఒళ్ళంతా తిరగాలి!" అని ఆయన అరుపులు. తిప్పితే పంచె జారుతుందని నా దిగులు. (ఆఫీసరు ముందు పంచె జారినవాడికి బదిలీ రాదు, పేరొస్తుంది.) అందుకని గుంజలా నిలబడి చేతులు మాత్రం ఆడించేవాణ్ణి.

నాతో ఉంటున్న మా అవ్వ ఇది విని ఒకటే నవ్వు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలిన మనిషి ఆవిడ. "ఏందిరా, ఉత్త చేత్తోనే రాయి పోతాదా? ముందు ఎనక్కి తిరగాల. నడుం కదిలితే చెయ్యి దానెంటే వస్తాది" అని పెరట్లో తిరిగి చూపించింది. పంచె సంగతి చెప్పాను. తన పాత చీర చించి నా నడుం చుట్టూ ఊపిరాడకుండా బిగించింది. ముడి ఊడుతుందేమోనని బీడుదాకా వెంట కూడా వచ్చింది.

కర్ర ఎత్తి వెనక్కి తిరిగాను. నడుం కదిలింది, ఒళ్ళంతా తిరిగింది. ఆ ఊపుకు గిర్రున తిరిగి ఆఫీసరు మీదే పడ్డాను. బంతి ఎటు పోయిందో చూడలేదు. "చెట్టు దాటిందిరా!" అని అవ్వ చప్పట్లు కొట్టింది. పంచె భద్రంగానే ఉంది.

ఆఫీసరు నన్ను కావలించుకున్నాడు. "ఇంత బాగా కొట్టేవాణ్ణి ఇక వదులుతానా? ఆత్మకూరు మాట మర్చిపో!" నా గుండె జారిపోయింది. (దాని బదులు పంచె జారినా బాగుండేది.) అప్పుడు అవ్వ చీర చెంగు దోపుకొని ముందుకొచ్చింది.

"దొరా, వాడికి నేర్పించింది నేను. వాణ్ణి పెండ్లాం దగ్గరికి పంపియ్యి. నీకు జోడీ కావాలంటే నేనుండాను. ఆ కట్టె ఇట్టా తే!"

ఆఫీసరు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారమే నేను ఆత్మకూరు బస్సెక్కాను, అవ్వ అక్కడే ఉండిపోయింది. తర్వాత సెలవుకు ఉదయగిరి వెళితే, అవ్వ గూట్లో దీపం పక్కన తెల్లబంతి ఒకటి కనిపించింది. ఏమిటని అడిగితే "దొర ఓడిపోయినాడ్లే" అంది.

ఇప్పుడు మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలన్నా నాకు మా ఆవిడ సాయం కావాలి. "నడుం తిప్పండి మరి!" అని ఆవిడ కసిరినప్పుడల్లా నవ్వొస్తుంది, వెంటనే అవ్వ మీద బెంగ వస్తుంది. ఊపిరి బిగబట్టి, అవ్వ చెప్పినట్టే, ముందు వెనక్కి తిరుగుతాను.