గాలి సారు చేపల లెక్క

ఆ రోజుల్లో ఉద్యోగమంటే కుర్చీలో కూర్చునేదని నా గట్టి నమ్మకం. నాకు దొరికిందేమో గాలి వెంట పరిగెత్తేది. (గాలి తిరుగుళ్ళు తిరుగుతాడని మా నాయన అప్పటికే ఊరంతా చెప్పి ఉన్నాడు. సర్కారు దానికి ముద్ర వేసింది, అంతే.) అల్లూరు పొలాల మీద విమానంతో పురుగుమందు పొడి చల్లాలని పైవాళ్ళు అనుకున్నారు. ఆ పొలాలకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పాళెం. ఆడవాళ్ళు ఇసుకలో చేపలు ఎండబెట్టుకుంటారు. పొద్దున పూట గాలి పొలాల మీంచి సముద్రం దిక్కుకు తోలుతుంది కాబట్టి, ఆ విషం చేపల దాకా వస్తుందా రాదా అని తేల్చడానికి మద్రాసు నుంచి ఒక శాస్త్రజ్ఞుడు దిగినాడు. జనం ఆయన్ని గాలి సారు అన్నారు, నన్ను ఆయనకు సహాయకుడిగా వేసినారు. ఆయన విషానికి బదులు ఎర్రరంగు పట్టించిన పుప్పొడి తెచ్చినాడు. ఎగరడం అట్టాగే ఎగురుతుంది, హాని మాత్రం లేదు. నమ్మకం కోసం అందరి ముందూ వేలితో అద్దుకుని నాకినాడు. పాళెంలో పెద్దరికం చేసే పెద్దమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, ఉప్పు తెమ్మంటారా అని అడిగింది.

ఇసుకలో కర్రలు పాతి, వాటి మీద ఆముదం పూసిన గాజు పలకలు పెట్టి కాపలా కాయడం నా వంతు. ఎగిరొచ్చిన పుప్పొడి ఆముదానికి అతుక్కుంటుంది, తర్వాత లెక్కపెట్టుకోవచ్చు. సారు పొలం గట్టున నిలబడి, ఉన్న ఒక్క డబ్బా పుప్పొడి గాలికి వదిలినాడు. కాసేపటికి నేను (పూర్తి బాధ్యతతో) పలకలు చూస్తుండమని పెద్దమ్మకు అప్పజెప్పి టీ తాగడానికి పోయినాను. తిరిగొచ్చేసరికి నలభై పలకలూ తళతళలాడుతున్నాయి. ఆమే, కోడళ్ళూ బూడిదతో తోమి, కడిగి, మళ్ళీ కర్రల మీద వరసగా పెట్టేసినారు.

"జిడ్డుగా దుమ్ముపట్టి ఉంటే చూడలేకపోయినాం అబ్బయ్యా. ఆఫీసర్ల సామాను గదా" అనింది.

సారు వచ్చి చూసినాడు. తిట్టలేదు. డబ్బా ఖాళీ, మూడోనాడు విమానం వస్తుంది, రుజువు లేకపోతే మందు చల్లేస్తారు అని మాత్రం చెప్పినాడు. నా దగ్గర ఎప్పుడూ నాలుగు జోకులు సిద్ధంగా ఉంటాయి. ఆ పూట వాటిని వదిలేసి, తోమిన పలకలనే ఇంకోసారి లెక్కపెట్టినాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇసుక దిక్కు చూస్తా నిలబడింది.

"గాజు మీద పడింది చేప మీద పడదా సారూ? పొద్దున పరిచినవి, ఇంకా తడారలేదు. తిప్పను కూడా తిప్పలేదు."

సారు అక్కడికక్కడే చేపల ముందు ఇసుకలో కూర్చున్నాడు. పొలాల నుంచి నీళ్ళ దాకా ఇంటికో వరస. చేపను చూస్తే చాలు, ఎవరిదో, ఏ వరసో, ఎప్పుడు పరిచినారో ఆమె చెప్పేస్తుంది. ఆమె చెబుతుంటే నేను చేపకో చీటీ కట్టినాను. డిగ్రీ చదివింది ఇందుకేనా అని గొణిగితే, అక్షరాలు గుండ్రంగా రాయమన్నాడు సారు. ఆ చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకుని సూక్ష్మదర్శిని ఉన్న నెల్లూరుకు బస్సెక్కితే, ఆ పూట నా పక్క సీటు ఖాళీగానే పోయింది.

సూక్ష్మదర్శినిలో చూస్తే పొలాల దిక్కు వరస చేపల పొలుసుల సందుల్లో ఎర్రచుక్కలు ఆరబోసినట్టున్నాయి. నీళ్ళ దిక్కుకు పోనుపోను పలచబడినాయి. సారు ఆ లెక్క వెంటనే పైవాళ్ళకు తంతి కొట్టినాడు. మూడోనాడు విమానం వచ్చింది గానీ, పాళెం దిక్కు పొలాల జోలికి రాకుండా తిరిగిపోయింది.

రిపోర్టుకు సాపు ప్రతి రాసింది నేనే. పైవాళ్ళు నవ్వుతారని పరికరాల జాబితాలో చేపలు వదిలేసినాను. "చేపలు రాయి. గుర్తుపట్టి చెప్పిన మనిషి పేరూ రాయి" అన్నాడు సారు. ఆ పేరు కోసం మళ్ళీ పాళెం పోయినాను. ఎవరూ పిలవక ఎన్నేళ్ళయిందో, తన పేరు గుర్తు చేసుకోవడానికి పెద్దమ్మకే కాసేపు పట్టింది. చాన్నాళ్ళు దాన్నొక జోకుగా చెప్పుకుని తిరిగినాను. ఈ వయసులో ఆ పేరు నాకూ గుర్తు రావడం లేదు. ఆమె చెబుతుంటే చీటీలు కట్టిన మొదటి వరస ఎవరిదో మాత్రం ఇప్పుడడిగినా చెబుతాను.